గడ్డం కింద టమాటా

మూడు రోజులుగా ఆ ఇంట్లో గొడవంతా పడుకునే చోటు గురించే. రాత్రి పడుకునే చోటు కాదు. పొద్దున్నే పొట్ట వ్యాయామం చేసుకోవడానికి రెజీనా ఎక్కడ పడుకోవాలన్నదే తగువు. నేల మీద చాప పరుచుకుంటానంటుంది రెజీనా. ఆమె పళ్లు తోముకుని వచ్చేలోపల ఆ చాపను చుట్టి గోడకు ఆనించేస్తుంది అత్త ప్రేమమ్మ.

"ఆపరేషన్ అయిన ఒళ్లు పచ్చి ఒళ్లు. బండల మీద పండుకుంటే చలువ నడుముల్లోకి దిగుతాది. చేసేదేందో మంచం మీద చేసుకో" అనేది ఆవిడ మాట.

రెజీనాకు గర్భసంచి తీసేసి రెండేళ్లు దాటింది. వ్యాయామం చేసుకోవచ్చని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పి ఏడాదిన్నర అయింది. రెండేళ్లయినా ఒళ్లు పచ్చిగా ఎట్లుంటుందని అడిగితే, ప్రేమమ్మ తన నాలుగు కాన్పుల సంగతీ మొదటినుంచీ ఎత్తుకునేది. ఆ కథ రెండో కాన్పుకు చేరేసరికి ఎవరైనా సరే ఓడిపోయామని ఒప్పుకోవాల్సిందే.

భర్త వసంతకుమార్ పత్తికొండ మార్కెట్లో టమాటాలు ఏరి రకాలు విడదీసే మేస్త్రీ. కాయను చేత్తో తాకి అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలడు గానీ, తల్లి మాటనూ పెళ్లాం మాటనూ విడదీసి ఇది ఒప్పు, ఇది తప్పు అనడం ఆయన వల్ల కాదు. నలభై ఎనిమిదేళ్లకు ఈ కసరత్తులేంటికి, నిన్నెవరన్నా కుస్తీకి పిలిచినారా అని నవ్వి బండెక్కి వెళ్లిపోయేవాడు.

కుస్తీకి కాదు, పాటకు. చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. పండిన పంటలో మొదటి భాగం తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆ రోజు మొదటి పాట ఇరవై ఏళ్లుగా రెజీనాది. అందులో ఒక పెద్ద చరణం ఉంది, ఒక్క ఊపిరిలో పాడాలి. పోయినేడు ఆ చరణం నట్టనడుమ ఆమెకు ఊపిరి అయిపోయింది. గొంతు గొంతులాగే ఉంది, దాని కింద పొట్టలో పట్టు లేదు. అప్పుడు రెండో వరుసలోంచి ప్రేమమ్మ అందుకుని చరణం పూర్తి చేసింది. అత్తాకోడళ్లు ఎంత చక్కగా కలిసి పాడినారో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ పొద్దు రెజీనా విందు భోజనం ముట్టలేదు.

ఈ ఏడు పాస్టరమ్మ మంచిగానే అడిగింది. పాడతావా, లేకపోతే మన పాటల గుంపులోని రమణికి ఇద్దామా, రెండు నెలల్లో చెప్పు అని. అందుకే ఈ వ్యాయామం. కూతురు జెస్సీ ఫోన్లో ఒక వీడియో పెట్టిచ్చింది. అందులో ఎవరో పిల్ల వెల్లకిలా పడుకుని, తల వెనక చేతులు పెనవేసి, చకచకా లేచి కూర్చుంటూ ఉంది.

నాలుగో రోజు రెజీనా పోరు పడలేక మంచమే ఎక్కింది. నవారు మంచం. నవారు వదులై నడుమ గుంట పడింది. అందులో పడుకుంటే మనిషి ఉయ్యాల్లో పసిబిడ్డలా ముడుచుకుపోతుంది. ఆ గుంటలోంచి లేవాలంటే మెడను రెండు చేతులా పట్టి లాగడమే దారి. పదకొండోసారి లాగినప్పుడు మెడలో ఏదో కలుక్కుమంది. నడుము అంతకుముందే నొప్పి మొదలుపెట్టింది.

ఆ రోజంతా ఎవరు పిలిచినా ఆమె మనిషి మనిషంతా తిరగాల్సి వచ్చింది. ప్రేమమ్మ తైలం కాచి మెడకు రుద్దుతూ, ఇంక ఆ పాట రమణికి ఇచ్చేయమంది. రెజీనా మంగళవారం జెస్సీని వెంటబెట్టుకుని ఫిజియోథెరపీ చేసే శిల్ప దగ్గరికి వెళ్లింది. జెస్సీ కంటే నాలుగేళ్లు పెద్దదేమో ఆ అమ్మాయి.

"మెడ పట్టుకునింది" అని చెప్పింది రెజీనా.

శిల్ప అన్నీ అడిగింది. ఆపరేషన్ ఎప్పుడైంది, చెయ్యి తిమ్మిరి పడుతుందా, ఏం చేస్తుండగా పట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకున్నారో చూపించమంది. చూసి నవ్వేసింది.

"మెడ మిమ్మల్ని పట్టుకోలేదమ్మా, మీరే మెడను పట్టుకున్నారు. పని చేయాల్సింది పొట్ట. మీరేమో బావిలోంచి బిందెను చేదినట్టు తలకాయను చేదుతాండారు."

నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఏమీ వద్దంది. తగ్గాక గట్టి నేల మీదే చేయాలి, మంచం పనికిరాదు. మొదట్లో తల ఎత్తనే కూడదు. వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ పైకెత్తి, ఒక చెయ్యీ దాని ఎదుటి కాలూ మెల్లగా దించాలి. నడుము కింద తువ్వాలు పెట్టుకుని ఎవరినైనా లాగమనాలి. తువ్వాలు వచ్చేసిందంటే నడుము నేల వదిలి లేచినట్టు, అట్లా లేవకూడదు. అది బాగా వచ్చాకే మోకాళ్లు మడిచి, చేతులు ఎదమీద పెట్టుకుని, భుజాలు మాత్రం నేల వదిలేంత లేవాలి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. నొప్పి వస్తే ఆపేయాలి.

"గడ్డం కింద ఒక టమాటా ఉందనుకోండి. అది నలగకూడదు, అంతే" అంది చివర్లో.

ఇంటికొచ్చి రెజీనా అదంతా అప్పజెప్పింది. గట్టి నేల అన్న మాట దగ్గర ప్రేమమ్మ మొహం ముడుచుకుంది. కాసేపటికి లేచి పెట్టె తెరిచి, తాను కప్పుకునే గొర్రెబొచ్చు కంబళి తెచ్చి బండల మీద పరిచింది.

"ఆ పిల్ల బండ అనింది గానీ కంబళి వద్దనలేదు గదా" అంది.

పది రోజులకు మెడ తిరిగింది. రెజీనా కంబళి మీద వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ పైకెత్తింది. వెల్లకిలా పడిన పేడపురుగు మాదిరి ఉండావని ప్రేమమ్మ అంటే, జెస్సీ నవ్వాపుకోలేక వాకిట్లోకి పోయింది. కానీ తువ్వాలు లాగే పని ప్రేమమ్మ ఎవరికీ ఇవ్వలేదు. కూతురి చెవి మెలిపెట్టినంత శ్రద్ధగా లాగేది. వచ్చేసింది, మళ్లీ చెయ్యి, అనేది.

అట్లా లాగుతూ ఒక పొద్దున, కోడలి మొహం చూడకుండానే అంది.

"పోయినేడు నీ పాట ఆగినప్పుడు నా గుండె ఆగినంత పనయింది మే. మళ్లీ అట్ల నిన్ను జూడలేక వద్దంటి. నీ మీద ఏం లేదు."

రెజీనా కాళ్లు దించకుండానే, "తువ్వాలు లాగు అత్తా" అంది.

మూడోవారం భుజాలు లేపే వంతు వచ్చింది. శిల్ప టమాటా ఉందనుకోమంది. కానీ గంపల నిండా టమాటాలున్న ఇంట్లో ఉందనుకోవడం ఎవరికీ అలవాటు లేదు. జెస్సీ ఒక కాయ తెచ్చి తల్లి గడ్డం కింద పెట్టింది. చొక్కా తొడుక్కుంటున్న వసంతకుమార్ అది చూసి ఆగిపోయాడు. వచ్చి కాయ తీసి చేతిలో తిప్పాడు.

"ఇది కాయ గదమ్మా. లారీ తొక్కినా నలగదు. దీంతో మీ అమ్మకు ఏం తెలుస్తాది?"

గంపలో వెతికి, కర్నూలు దాకా కూడా నిలవని పండొకటి ఏరి తెచ్చాడు. రెజీనా లేచింది. పండు పగిలి రసం మెడమీదుగా నైటీలోకి కారింది. ఆ పూట అన్నంలోకి రోట్లో టమాటా పచ్చడి, అదే ఊరిబిండి, నూరారు. మరుసటి రోజు రెండు నలిగాయి, ఆ తర్వాతి రోజు మూడు. వారం పాటు జెస్సీ కాలేజీ క్యారేజీలో ఊరిబిండి తప్ప ఇంకోటి పోలేదు. వసంతకుమార్ కుస్తీ మాట ఎత్తడం మానేశాడు. మార్కెట్‌కు పోయేముందు రోజూ పండు ఏరి పెట్టి పోతున్నాడు.

పైకి లేస్తూ ఊపిరి వదలడమే రెజీనాకు కష్టమైంది. బిగబట్టడమే వచ్చేది. ఒక రోజు ఏం తోచిందో, లేస్తూ ఆ పెద్ద చరణంలోని మొదటి మాట సన్నగా పాడింది. ఊపిరి దానంతటదే మాట వెంట బయటికి వెళ్లింది. పొట్ట లోపలికి బిగిసింది. మెడ తేలిగ్గా ఉంది. అప్పటినుంచి ఒక్కోసారి లేచినప్పుడు ఒక్కో మాట.

ఆరోవారంలో ఒక పొద్దున ప్రేమమ్మ రెండు చేతులా లాగినా తువ్వాలు కదల్లేదు. గడ్డం కింద పండు కూడా చెక్కుచెదరలేదు. ప్రేమమ్మ ఆ పండును అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి ఈ పొద్దు ఊరిబిండి దేంతో నూరేది?" అంది దిగులుగా.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. రెజీనా అంట్లు తోముతూ ఆ చరణం ఎత్తుకుంది. చివరిదాకా పాడింది. పాడాక ఇంకా కాస్త ఊపిరి మిగిలింది. చేతిలో గిన్నెతో అట్లాగే కాసేపు నిలబడి, మళ్లీ ఒకసారి పాడి చూసుకుంది. మళ్లీ మిగిలింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నలుగురూ భోజనానికి కూర్చున్నారు. జెస్సీ కూరలో ఉప్పు తక్కువైందంటోంది. వసంతకుమార్ మజ్జిగ కోసం చెయ్యి చాచాడు. రెజీనా ఆయన గ్లాసు నింపి, గిన్నె మీద మూత పెట్టింది.

"పాస్టరమ్మతో చెప్పొచ్చినా. కోత పండుగకు మొదటి పాట నేనే పాడతాండా" అంది.

అందరూ ఆమె వైపు చూశారు. రెజీనా అత్త వైపు తిరిగింది. మెడ ఒక్కటే తిరిగింది.

"నువ్వు రెండో వరుసలోనే కూచో అత్తా. ఈసారి ఊరికే విను."