నేలచూపులు

మా ఆసుపత్రిలో నన్ను "నేలచూపుల పాస్టరు" అనేవాళ్ళు. నేను పాస్టరును కాను, ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆ పేరు పెట్టింది మా గదిలో పనిచేసే ఆయమ్మ. ఆడమనిషి ఎవరైనా లోపలికి వస్తే నేను తల వంచుకునే చీటీ అందుకునేవాణ్ణి. తల వంచుకునే, "ఆ తెర వెనక గౌను ఉందమ్మా, మార్చుకోండి" అనేవాణ్ణి. ఛాతీని ఫిల్ము పలకకి ఎలా ఆనించాలో, భుజాలు ఎలా ముందుకు తేవాలో ఆయమ్మే చూపించేది. వచ్చినవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడతారు కాబట్టి సీసపు అద్దం వెనకున్న నాకు వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. "ఊపిరి పీల్చండి. బిగబట్టండి. ఆ, వదలండి." రోజంతా నేను మనుషులతో మాట్లాడే మాటలు అవే.

"నేల మీద ఏమన్నా పారేసుకున్నావా బాబూ? చెప్తే నేనూ వెతుకుతాగా" అనేది ఆయమ్మ.

నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల్లోపల ఆ మాట నాకు బాగానే ఉండేది. సంగతి మా చర్చి సంఘం దాకా పాకింది. ఒక ఆదివారం యువకుల కూటంలో పాస్టరుగారు, "కళ్ళకు కళ్ళెం వేసుకున్నవాడు మన మధ్యే ఉన్నాడు" అని నావైపు చెయ్యి చూపించారు. అప్పటినుంచి నేను వెళ్ళి కూర్చుంటే కుర్రాళ్ళు నవ్వుతున్న నవ్వు ఆపి, బల్ల మీద కాస్త పక్కకు జరిగేవాళ్ళు. గౌరవంతోనే జరిగేవాళ్ళు. ఆ జరిగిన చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉండిపోయేది.

పాస్టరుగారికీ ఆయమ్మకీ తెలియని సంగతి ఒకటుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఆ తెరకు నాలుగు రింగులు ఊడిపోయి ఉండేవి. ఎదురుగా ఫిల్ములు పెట్టే బీరువా, దానికి అద్దం తలుపు. నేను నిలబడే చోటినుంచి చూస్తే ఆ అద్దంలో తెర సందు కనిపించేది. మొదటిసారి అనుకోకుండా చూశాను. రెండోసారి కూడా అనుకోకుండానే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత చెప్పుకోవడం మానేశాను. అలా దాదాపు నెల్లాళ్ళు. చూసిన ప్రతిరోజూ గదికి వెళ్ళి మోకాళ్ళ మీద పడి ఏడ్చేవాణ్ణి. మర్నాడు పొద్దున్న, రింగులు వేయించమని ఎవరికీ చెప్పకుండానే పనిలోకి దిగేవాణ్ణి. నా ఏడుపు కన్నా ఆ రింగులనే దేవుడు ఎక్కువ పట్టించుకుని ఉంటాడని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒకరోజు ఒకామె అద్దంలోంచి తిరిగి నన్ను చూసింది. అరవలేదు. పైబట్ట దగ్గరకు లాక్కుని, చూపు తిప్పకుండా అలా నిలబడింది. తర్వాత వచ్చి, నేను పీల్చమంటే పీల్చి, వదలమంటే వదిలి, వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆ సాయంత్రమే మందపాటి గుడ్డ తెచ్చి కొత్త తెర కుట్టించాను. బీరువా అద్దానికి కాగితం అంటించాను. ఆదివారం సంఘంలో లేచి, "కళ్ళతో పాపం చేశాను, ప్రభువు నన్ను మార్చాడు" అని సాక్ష్యం చెప్పాను. ఏం చేశానో, ఎవరికి చేశానో చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అందరూ స్తోత్రం అన్నారు. నేను తల వంచుకు తిరగడం ఆ రోజునుంచి మొదలైంది. మళ్ళీ పడిపోతానేమోనన్న భయం కొంత. అంతకన్నా ఎక్కువ, ఆ రెండు కళ్ళు ఎక్కడైనా ఎదురవుతాయేమోనన్న భయం.

కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన నాకు ఒక గది ఉండేది. మెస్సులో గోడవైపు తిరిగి ఉన్న కుర్చీ నాది. ఒకసారి అక్క చూడ్డానికి వచ్చి రెండు రోజులుంది. వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర, "ఒరేయ్, రెండు రోజులు నా కాళ్ళతో కబుర్లు చెప్పావు. నా మొహానికి ఏమైందిరా?" అంది. ఏమీ లేదక్కా అన్నాను, ఆమె సంచీ వైపు చూస్తూ. బస్సు కదిలాక గానీ తల ఎత్తలేదు. అప్పటికి కిటికీలో అక్క మొహం దాటిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక పొద్దున పెద్ద డాక్టరమ్మ కబురు పెట్టింది. వెళ్ళేసరికి లైటు డబ్బా మీద రెండు ఫిల్ములు వేలాడుతున్నాయి.

"ఈ ఫిల్ము ఎవరిది?"

"కవరు మీద పేరు ఉంది కదా మేడం."

"పేరు చదవడం నాకూ వచ్చు. మనిషి ఎవరు అంటున్నా." ఆమె పాత ఫిల్ము మీద వేలు పెట్టింది. "ఇది పోయినేడాది తీసింది. మెడ కింద ఎముక విరిగి అతుక్కుంది, ఆ గంటు చూశావా? ఇది నువ్వు మొన్న తీసింది. అదే ఎముక కడిగిన ముత్యంలా ఉంది. ఏడాదిలో కొత్త ఎముక మొలిచిందా?"

కొత్త ఫిల్ములో, కుడి ఊపిరితిత్తి పైభాగాన అరచెయ్యంత తెల్లటి మచ్చ ఉంది.

మొన్న ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఆ రోజు ఆయమ్మ సెలవు. నేను రిజిస్టరులో పద్నాలుగో నంబరు చూసి పేరు పిలిచాను. పద్నాలుగు మంచినీళ్ళకు వెళ్ళింది కాబోలు, పేరు విని పదిహేను లోపలికి వచ్చింది. నేను నేల చూస్తూ చీటీ అందుకున్నాను, నంబరు చూడలేదు. రెండోసారి అదే పేరు పిలిస్తే పద్నాలుగు వచ్చింది. ఒకరి ఊపిరితిత్తులు ఇంకొకరి కవర్లోకి వెళ్ళాయి. మచ్చ ఉన్నామెను చిన్న డాక్టరు ఏమీ లేదని దగ్గు మందిచ్చి పంపేశాడు.

"ఒకావిడకి ముప్పై నాలుగు. ఇంకొకావిడకి యాభై ఒకటి," అంది డాక్టరమ్మ. "మొహం చూస్తే పసివాడు కూడా చెప్తాడు ఎవరెవరో. నీకేం అడ్డమొచ్చింది?"

"నేను మొహాలు చూడను మేడం."

"చూడవా? ఎందుకని?"

పెద్ద సుగుణం చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టబోయి ఆగాను. ఆ తెల్లటి మచ్చ ఎదురుగా వెలుగుతూ ఉంది. తెర, రింగులు, అద్దం, ఆ నెల్లాళ్ళు, ఆమె కళ్ళు, సంఘంలో చెప్పకుండా మింగేసిన ముక్కలన్నీ అక్కడ చెప్పేశాను.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ ఉద్యోగం సంగతి తర్వాత తేలుస్తా. క్షమించడానికి నేనెవర్ని? క్షమించాల్సినామె ఎవరో నీకే తెలీదు. ముందు ఈవిణ్ణి వెతుకు. ఏమీ లేదన్నారు కదా అని ఈ క్షయ జబ్బుతోనే తిరుగుతోంది, పక్కవాళ్ళకి కూడా అంటిస్తుంది. ఎలా ఉంటుంది మనిషి?"

"తెలీదు మేడం."

"ఏదో ఒకటి తెలిసి ఉంటుంది కదయ్యా!"

"చెప్పులు తెలుసు."

రిజిస్టరులో 'కాలువ అవతల' అని మాత్రమే రాసి ఉంది, ఆ పేరున్నవాళ్ళు అక్కడ వీధికి పదిమంది. ఆమె చెప్పులు మాత్రం నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తున్నాయి. నీలం పట్టీలు. ఎడమదాని పట్టీ తెగితే ఎర్రదారంతో కుట్టుకుంది. కాళ్ళు చీలమండల దాకా ఊదారంగు. ఆయమ్మకు చెబితే నోరు నొక్కుకుంది.

"ఊదా కాళ్ళా? అయితే కాలువ అవతల నూలుకి రంగులేసే షెడ్డే. పద చూపిస్తా." రెండడుగులు వేసి ఆగింది. "వద్దులే, నువ్వే వెళ్ళు. నేనొస్తే మళ్ళీ నా కళ్ళతో చూసేస్తావు."

షెడ్డు గుమ్మం బయట ముప్పై జతల చెప్పులు వరసగా ఉన్నాయి. వంగి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. చివరి వరసలో, ఎర్రదారం. ఆ జత పట్టుకుని లేచేసరికి ఎదురుగా ఒక లావుపాటావిడ నడుమున చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడే అక్కడి మేస్త్రీ అని తర్వాత తెలిసింది.

"ఏంటయ్యా, చెప్పుల దొంగవా? కాస్త మంచివి ఎంచుకోలేకపోయావా?"

లోపలినుంచి నవ్వులు. తొట్లలోంచి ఆవిరి వస్తోంది. నేను కింద తడినేల మీద రంగునీళ్ళు చూస్తూ, "ఇవి వేసుకునే మనిషి కావాలి. ఆసుపత్రినుంచి వచ్చాను" అన్నాను.

"మొహం ఎత్తి అడుగు నాయనా. నేల జవాబు చెబుతుందా?"

అప్పుడు నాకు సువార్తలోని సంగతి గుర్తొచ్చింది. తప్పు చేసిందని జనం ఒక స్త్రీని లాక్కొచ్చి ప్రభువు ముందు నిలబెట్టినప్పుడు ఆయన వంగి నేల మీద రాశాడు. నా నేలచూపులకు నేను తోడు తెచ్చుకున్నది ఆ వంగడాన్నే. కానీ ఆయన తర్వాత తలెత్తాడు కదా? తలెత్తి, ఆమెతోనే మాట్లాడాడు కదా? ఇన్నాళ్ళూ ఆ సగం నేనెందుకు చదవలేదు?

తలెత్తాను. నన్నే చూస్తున్న ముఖాలు, ఇరవయ్యో ముప్పయ్యో. ముసలివి, వయసువి, చెమటవి, నవ్వేవి. ఆ అద్దంలోని కళ్ళు వీటిలో ఉన్నాయేమో. ఉన్నా సరే చూడాలి. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్ళాను.

మూల తొట్టి దగ్గర ఒకావిడ దగ్గుతోంది. మా అమ్మ కన్నా కాస్త చిన్నది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవిగా కనిపిస్తున్నాయి. కనుబొమ్మ మీద ఊదా చుక్క.

"ఓ, నువ్వా! గోడవైపు తిరగమన్న బాబువి కదూ?" అంది. "నాకేమీ లేదన్నారుగా?"

"ఉందమ్మా. మీ ఫిల్ము ఇంకొకరి కవర్లో పెట్టాను. తప్పు నాదే."

"ఎందుకు పెట్టావు?"

"మీ మొహం చూడలేదు."

"ఎందుకూ, అంత అందంగా ఉన్నానా?"

షెడ్డంతా గొల్లుమంది. ఆవిడా నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డను గబుక్కున మడిచి పిడికిట్లో దాచుకుంది. నా తల అప్పుడు కూడా కిందికే వంగబోయింది. వంచకుండా ఆపుకున్నాను.

"రక్తమా?" అన్నాను మెల్లగా.

ఆవిడ నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చింది. మిగతావాళ్ళకు వినపడకుండా చెప్పింది.

"పది రోజులై పడుతోంది. మొన్న ఆ గదిలో నీకు చెబుదామనే అనుకున్నా. పిల్లవాడు మంచివాడిలా ఉన్నాడు, ఎవరికి చెప్పాలో అడుగుదామని. నువ్వేమో నా చెప్పులే చూస్తున్నావు. తెగిన చెప్పులాయె. సిగ్గేసి ఊరుకున్నా."

నా చూపు ఒకామె సిగ్గును దొంగిలించిందని తల వంచాను. వంచిన చూపు ఇంకొకామెకు లేని సిగ్గు అంటగట్టింది. ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. ఏది పాపం అని నన్ను అడిగితే రెండూ అంటాను. ఆ రెండింటి మధ్య దారి ఎంత వెడల్పు ఉంటుందో నాకు చెప్పినవాళ్ళు లేరు.

"రండమ్మా, ఇప్పుడే వెళ్దాం" అన్నాను.

"ముందు నా చెప్పులు ఇవ్వు," అంది. అవి ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. "అమ్మా అనకు. ఆ మాట మొన్న నేలకి చెప్పావు. పిన్నీ అను."

ఆమెకు ఆరు నెలల మందులు మొదలుపెట్టారు. డాక్టరమ్మ నన్ను తీసెయ్యలేదు, మూడు నెలలు ఆడవాళ్ళ ఎక్స్‌రేలు మాత్రం తియ్యనివ్వలేదు. బట్టలు మార్చుకునే మూలకు తెర తీయించి తలుపు పెట్టించింది, గొళ్ళెం లోపలివైపు. నేను పాస్టరుగారి ఇంటికి వెళ్ళి నా సాక్ష్యంలో లేని సగం చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, ప్రార్థన చేశారు. తర్వాత ఎప్పుడూ నావైపు చెయ్యి చూపించలేదు. సంగతి ఎలాగో కొందరికి తెలిసింది. కుర్రాళ్ళు ఇప్పుడు పక్కకు జరగడం లేదు, వేరే బల్ల మీద కూర్చుంటున్నారు. ఆయమ్మ కూడా పది రోజులు నాతో మాట్లాడలేదు. మెస్సులో కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఎదురు కుర్చీలో ఎవరూ లేకపోయినా.

అద్దంలోని ఆమె మళ్ళీ ఎప్పుడూ రాలేదు. వస్తే ఏం చెప్పాలో ఎన్నోసార్లు రాసుకుని చింపేశాను. చెప్పడం నా బరువు దించుకోవడానికేనేమో, ఆమెకు దానివల్ల ఒరిగేదేముంది అని కూడా అనిపిస్తుంది. అయినా వచ్చిన ప్రతి మొహం చూస్తాను.

ఆరు నెలలు నిండాక పిన్ని చివరి ఫిల్ముకి వచ్చింది. నడవాలో బల్ల మీద కూర్చుని ఉండగానే, పేరు పిలవకుండా దగ్గరికి వెళ్ళాను.

"కొత్త చెప్పులు వేసుకొచ్చా. ఎలా పోల్చావు?"

"మొహం అదేగా పిన్నీ."

"అదే ఎలా అవుతుంది? ఒళ్ళు చేశానని మా షెడ్డంతా అంటుంటే!"

వయసు అడిగాను, చీటీ నంబరు చూశాను, గౌను చేతికిచ్చాను. ఆమె లోపలికి వెళ్ళాక నడవాలోకి వచ్చి గది తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాను. లోపల గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. లోపల ఉన్నది ఎవరైనా ఇప్పుడు అక్కడే నిలబడతాను. కొన్ని రోజులు తేలిగ్గా ఉంటుంది. కొన్ని రోజులు ఆ గొళ్ళెం చప్పుడు వినేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాను, వదలమని చెప్పేవాళ్ళు లేరు.

"అయిందా పిన్నీ?"

"ఆగవయ్యా, వెనక ముడి అందట్లేదు. మీ ఆయమ్మని పిలువు."

ఆయమ్మను వెతుక్కుంటూ నడవాలో బయల్దేరాను.