మందు లేని తూటా

ఆర్డిత్ భుజానికి ఆపరేషన్ జరిగి ఏడాదయింది. ఈసారి జింక వేటకు పర్మిట్ దొరికింది. గురి కుదిరితేనే వెళ్లాలి, లేకపోతే ఇక జన్మలో తుపాకీ పట్టకూడదని ఒట్టు పెట్టుకుంది. గాయపడ్డ జింక పొదల్లో నెత్తురోడుతూ తిరగడం ఆమె ఓర్చుకోలేదు.

ఆమె మరిది వెండెల్ తూటాలు ఇంట్లోనే తయారుచేసుకునే మనిషి. ఆ విషయంలో వయోమింగ్ రాష్ట్రం మొత్తం వచ్చి చెప్పినా వినడు. మందు ఎక్కువ దట్టించే మాగ్నమ్ తప్ప మరొకటి తూటాయే కాదంటాడు.

"జింక మన పక్కకొచ్చి నిలబడదు వదినా. ఈ గట్టు మీంచి ఆ గట్టుకు గుండు వెళ్లాలంటే ఇదే. ఆ సన్న తూటాలు ఉడతలకి!"

"నా భుజం కూడా ఉడతదేనయ్యా ఇప్పుడు."

అయినా అతని మాట కాదనలేక కంకర గుంట దగ్గర మాగ్నమ్‌తో కాల్చింది. ఒక్కటీ గురి కోసం నిలబెట్టిన అట్టకు తగల్లేదు. వెండెల్ తుపాకీ తీసుకుని, వెనక్కి తిరిగి, మందు లేని తూటా ఒకటి చాటుగా పెట్టి ఇచ్చాడు. ఆమె మీట నొక్కింది. టిక్కుమంది, అంతే. పేలనే లేదు, కానీ గొట్టం మాత్రం దభీమని కిందికి వాలింది. తుపాకీ తన్నుతుందన్న భయంతో ఒళ్లు ముందే ముడుచుకుపోతోందన్నమాట.

ఆర్డిత్ ముఖం కందగడ్డయింది. "ఇక చాలు. ఇంటికి పోదాం."

"ఆగు వదినా. నాకూ అలాగే ఏది పెట్టావో చెప్పకుండా ఇవ్వు, చూద్దాం."

ఆమె అలాగే చేసింది. టిక్కుమనగానే వెండెల్ తుపాకీ ఆమెదానికంటే ఘోరంగా వాలింది. ఆర్డిత్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"ఇన్నేళ్లూ డప్పు కొట్టుకుంది ఈ వీరత్వం గురించేనా?"

"ఊళ్లో చెప్పి నా పరువు తీయకు," అంటూ అతను ఆ తూటాను కోటు జేబులో పడేసుకున్నాడు. "నీకు సన్నవే చేసిస్తా. అవి భుజాన్ని తన్నవు. కాకపోతే మూడొందల గజాలు దాటి కాల్చొద్దు."

వేట మొదలైన రోజు పొద్దున జింక అవతలి గట్టు మీద కనిపించింది. ఆర్డిత్ తొందరపడలేదు. పొదల చాటున పాక్కుంటూ దగ్గరికి చేరి, ఒక్కటే కాల్చింది. జింక ఉన్నచోటే కూలింది. దాని మెడ మీద చెయ్యి వేసి ఆమె మెల్లగా కృతజ్ఞతలు చెప్పుకుంది.

అంతలో ఎదురుగా మరో మగజింక. వెండెల్ గబగబా జేబులోంచి తూటా తీసి తన తుపాకీలో పెట్టి, గురి చూసి నొక్కాడు.

టిక్.

ఆ మందు లేనిదే! జింక ఒకసారి ఇటు చూసి, గట్టు దాటిపోయింది. వెండెల్ తన కోటునూ జేబునూ కుట్టినవాణ్ణీ కలిపి తిట్టాడు.

ఆర్డిత్ మాత్రం అతని తుపాకీ గొట్టాన్నే చూస్తోంది. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ రోజు కంకర గుంట దగ్గర అతను కావాలనే వణికాడు. ఆమె ఎక్కడ సిగ్గుతో తుపాకీ వదిలేస్తుందోనని, తన పరువంతా పణం పెట్టి ఆమెను నవ్వించాడు. ఇంతటి మరిదిని తనకు ఇచ్చినందుకు ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

"ఏంటి వదినా, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. సగం జింక నీదే. వెన్నుమాంసం మొత్తం నీకే."

"అదేంటి! అది కన్నకొడుక్కి కూడా పెట్టవుగా?"

"ఈసారి పెడతా. వాగకుండా ఆ కాళ్లు పట్టుకో."