ముక్కు కుట్టని చిలుక

నేత సంఘం పెద్దలారా, మీరు బస్తాలో వేసి తాళం పెట్టింది దొంగ నూలు కాదు. చచ్చిపోయిన పిల్ల చేతి పని. ఆ రోజు గుమ్మం ముందు నిలబడ్డ మీ అయిదుగురికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నారు.

పడుగు నేయడం అయిపోయాక మగ్గం మీద జానెడు పొడుగున మిగిలే నూలు కొసలు, ఆ మగ్గానికి కండెలు చుట్టిన ఆడమనిషికే చెందుతాయి. మన వీధిలో తాతలనాటి నుంచి ఇదే రివాజు. మీ అమ్మలు ఆ కొసలతోనే మీకు మొలతాళ్లు పేనారు.

సిద్దయ్యకూ ఆండాళుకూ ఒక్కతే బిడ్డ, ఉప్పలమ్మ. పదకొండేళ్లది. తల్లి కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని, పాత గుడ్డను ఉండ చేసి, పైన పచ్చ కొసలు చుట్టి చిలుకలు చేసేది. గుమ్మానికి పన్నెండు కట్టాలని దాని పంతం.

“అమ్మా, గిది చిలుక లెక్కనే ఉన్నదా?”

“కోడిపెట్ట లెక్కున్నది. గుడ్డు పెడ్తదేమో చూడు.”

“పెడ్తే నీకియ్య పో! బాపుకే ఇస్త.”

పదకొండు అయ్యాయి. పన్నెండోదానికి ఎర్ర ముక్కు కుట్టకముందే జ్వరం పట్టింది. రామన్నపేట దవాఖానకు బండి కట్టేలోపే ఒళ్లు చల్లబడింది.

మూడు నెలలు ఆండాళు గుమ్మం అలకలేదు. అప్పుడు సంఘం డప్పు చాటింపు వేయించింది: కార్యదర్శి అమరేందర్ మగ్గాలు చూడ వస్తున్నాడు, ఇళ్లు కళగా పెట్టుకోండి అని. ఆమె లేచింది. గోడకు ఎర్రమట్టి జాజు పూసింది, సున్నంతో చుక్కలు పెట్టింది, దండగా గుచ్చి గుమ్మానికి కట్టాలని పెట్టెలోంచి చిలుకలు తీసింది.

“జర ఆగే. పెట్టెలనే ఉండనీ,” అన్నాడు సిద్దయ్య.

“బిడ్డ చేసింది పది మంది చూడొద్దా?”

అమరేందర్ వెంట వచ్చిన మీ అయిదుగురూ చూశారు.

“ఏందయ్యా సిద్దయ్య, సంఘం నూలుతోని గుమ్మానికి సింగారమా?” అంటూ అమరేందర్ దండ పట్టి లాగాడు. మేకుతో సహా ఊడి వచ్చింది.

“సారూ, అవి పడుగు కొసలు. నావే,” అంది ఆండాళు.

“కొసలు గూడ సంఘానివే. కొత్త రూలు.”

“అయితే పదకొండు తీస్కపోండ్రి. గా ముక్కు లేనిదొక్కటి ఇడువుండ్రి. నా బిడ్డ ఆఖరుకు ముట్టింది గదే.”

“ఒక్కటిడిస్తే రేపు ఊరంత చిలుకలే ఎగుర్తయి.”

మీలోనే ఒకరు నవ్వారు కూడా. పన్నెండింటినీ దొంగ నూలని బస్తాలో వేసుకుపోయారు.

ఇప్పుడు ఆండాళు రాట్నం ముట్టదు. కండె లేక సిద్దయ్య మగ్గం గుంటలో ఊరికే దిగి కూర్చుంటాడు. మేకు ఊడిన చోట జాజు గోడ నుంచి మట్టి రాలుతుంది. ఆమె కొంగుతో తుడుస్తుంది. మళ్లీ రాలుతుంది.

విచారణలు వద్దు, కాగితాలు వద్దు. రేపు పొద్దున వీధంతా చూస్తుండగా బస్తా విప్పండి. మేకు మీరే కొట్టండి, చిలుకలు మీరే కట్టండి. ముక్కు లేనిదాన్ని మాత్రం ముందు ఆండాళు చేతిలో పెట్టండి. ముక్కు కుడుతుందో, అట్లాగే ఉంచుకుంటుందో ఆమె ఇష్టం.