లోపలి వైపు గడియ

మీసం నెరిసినా ఇంట్లో అతను చిన్నోడే. బయట మాత్రం వడ్రంగి. చుట్టుపక్కల సగం ఇళ్ల తలుపులకు గడియలు బిగించిన చెయ్యి అతనిది. అతని గదికి మాత్రం గడియ బయటి వైపే ఉంది.

పదహారో ఏట బుర్రలో గొంతులు మొదలై, అతను లోపల గడియ పెట్టుకుని ఎంతకీ తియ్యలేదు. తలుపు పగలగొట్టి తీశారు. అప్పుడే అన్నయ్య ఆ గడియ పీకి బయట కొట్టించాడు. ఆనాటికది సబబేనని చిన్నోడూ ఒప్పుకుంటాడు. గొంతులు సద్దుమణిగాయి. పని పట్టుబడింది. మాత్ర ఒక్క పూట తప్పలేదు. గడియ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఇంట్లో అతనికి కోపం రాకూడదు. కూరలో ఉప్పెక్కువైందన్నా, మాత్ర వేసుకున్నావా అంటుంది వదిన. అన్నయ్య కంచం విసిరికొడితే అది ఆఫీసు అలసట.

నిన్న అన్నయ్య పై అధికారి భోజనానికొచ్చాడు. చిన్నోడు చొక్కా మార్చుకోడానికి గదిలోకి వెళ్లగానే వెనక గడియ పడింది. తమ్ముడేడని అధికారి అడిగితే ఊరెళ్లాడన్నాడు అన్నయ్య. ఏ ఊరో కాస్త చెబితే బాగుండుననుకున్నాడు చిన్నోడు, మంచం మీద కూర్చుని. బల్ల భలేగా ఉందని అధికారి మెచ్చుకోవడమూ వినిపించింది. కొట్లో కొన్నామన్నాడు అన్నయ్య. ఆ బల్ల చేసింది చిన్నోడు.

ఈరోజు పని నుంచి వస్తూనే స్క్రూడ్రైవర్ తీసి గడియ మరలు విప్పసాగాడు.

అన్నయ్య పరుగున వచ్చాడు. "మళ్లీ మొదలైందిరా నీకు? ఏమేవ్, వీడు మాత్ర వేసుకున్నాడా?"

"నన్నడుగు. నీ ఎదురుగానే ఉన్నాగా."

అన్నయ్య చూపు స్క్రూడ్రైవర్ మీదుంది, కత్తిని చూసినట్టు. చిన్నోడికి ఒళ్లు మండిపోయింది.

"ఇది జబ్బు కాదన్నయ్యా, కోపం. గొడ్డును కట్టేసినట్టు నన్ను గదిలో పడేసి, నేను చేసిన బల్ల మీద తిన్నారు. నీకే ఇలా జరిగుంటే ఇల్లు పీకి పందిరేసేవాడివి. నేను నాలుగు మరలు విప్పుతున్నా, అంతే."

అంతా నీ మంచికేనని అన్నయ్య నసిగాడు. ఆ మంచి ఇక చాలన్నాడు చిన్నోడు. గడియ పట్టుకుని లోపలికెళ్లి, తలుపు మూసి, లోపలి వైపు బిగించి వేసుకున్నాడు.

అన్నయ్య తలుపు బాదాడు. కాసేపటికి వదిన గొంతు, చంటిపిల్లాణ్ణి బుజ్జగిస్తున్నట్టు: "చిన్నోడా, మాత్ర వేసుకున్నావా?"

రోజూ వేసుకునే వేళే అది. మాత్ర మింగి నీళ్లు తాగాడు.

"వేసుకున్నా వదినా. కోపం మాత్రం అలాగే ఉంది."