రెండు ప్రాసెసర్లు, ఒక గొంతు

చేపల మార్కెట్‌లో పాతికేళ్లుగా వేలం పాడుతున్న ఆ మనిషి నోరు పెట్టుకునే బతికాడు. ఆయన పాట అందుకుంటే ఐసు కొట్టేవాళ్లు కూడా పని ఆపి నవ్వేవారు. ఇప్పుడు గొంతు క్యాన్సర్. వచ్చేవారం స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆయన గొంతును ముందే రికార్డు చేసి పెట్టారు. టైపు చేస్తే కంప్యూటర్ ఆ గొంతుతోనే మాట్లాడుతుందట. ఆ కంప్యూటర్ కొనడానికే భార్యతో కలిసి దుకాణానికి వచ్చాడు.

దుకాణదారు రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాడు.

"పైకి ఒకేలా ఉంటాయి సార్. తేడా అంతా లోపలి ప్రాసెసర్‌లో. ఇది చురుకైంది, టైపు చేయడమే ఆలస్యం, పలికేస్తుంది. కాకపోతే ఛార్జింగ్ గటగటా తాగేస్తుంది. రెండోది కాస్త నిదానం. కానీ సాయంత్రం దాకా ప్లగ్గు అడగదు. ఇంతకీ మీకు దేనికి?"

"మాట్లాడటానికి," అన్నాడాయన బొంగురుగా.

భార్య రెండింటిలోనూ 'ఎక్కడున్నావ్' అని కొట్టి చూసింది. మొదటిది వెంటనే పలికింది. రెండోది గుటకలు మింగుతున్నట్టు ఆగి, అప్పుడు పలికింది. ఆ కాస్త ఆలస్యానికే ఆమె మొదటిదాన్ని తమ వైపు లాక్కుంది.

"చురుకైందే తీసుకుందామండీ. ఇంట్లో ప్లగ్గులు లేవా ఏంటి?"

"ఇంట్లో కూర్చోడానికా? మార్కెట్‌లో ప్లగ్గెక్కడిది? రోజంతా నిలబడేదే కావాలి."

ఆమె నిదానమైనదానికే డబ్బు తీసింది. ఆయనకు మిగిలిన నాలుగు మాటలూ వాదనకు ఖర్చు చేయించడం ఎందుకనుకుంది.

ఆపరేషన్ అయింది. గాయం మానాక మెడకు గుడ్డ చుట్టుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని మార్కెట్‌కు వెళ్లాడు. ఆమె కూడా వెంట వెళ్లింది. బుట్ట దించారు. కొనేవాళ్లలో ఎవరో ధర అన్నారు. ఆ ధరను పైకి పాడటానికి ఆయన టైపు చేశాడు. యంత్రం పలికేలోపు ఇంకొకరు పెంచారు, ఆ పైన మరొకరు. అప్పుడు వినిపించింది ఆయన పాత గొంతు, ఎప్పుడో దాటిపోయిన ధరను హుషారుగా పాడుతూ. ఎవరూ నవ్వలేదు. ఆయన్ను దెబ్బతీసింది అదే. తర్వాతి బుట్టకు తోటి పాటగాడు వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, తానే పాట అందుకున్నాడు.

"మార్చి ఇస్తాడేమో అడుగుతానండీ," అంది భార్య ఇంటికొచ్చాక. "ఆ చురుకైందే తెచ్చుకుందాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు టైపు చేశాడు. ఆమె ఆ వేళ్లనే చూస్తూ కూర్చుంది.

"ప్రాసెసర్‌ది కాదే తప్పు. దానికంటే నా వేళ్లే నిదానం," అంది కంప్యూటర్, వేలం పాడే హుషారుతోనే.

ఆయన మూత దించి పక్కకు జరిపాడు. మర్నాడు మార్కెట్ వేళకు మెలకువ వచ్చింది. లేవలేదు.