మూడో సొరుగులో ఊలు మేజోడు

స్నానం చేసి, ఒంటికి తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి వచ్చిన లెనోర్‌కి స్టూలు మీద నిలబడ్డ గ్లెనిస్ టక్‌వెల్ కనిపించింది. గ్లెనిస్ ఇంటి ఓనరు. ఒక చేత్తో కప్పుకి బిగించిన పొగ అలారాన్ని తడుముతోంది. రెండో చేతిలో లెనోర్ డబ్బాలోని బిస్కెట్టుంది.

"కంగారు పడకు బంగారూ, నేనే," అంది నములుతూ. "అలారం పనిచేస్తుందో లేదో చూద్దామని."

"నేను బట్టల్లేకుండా ఉన్నాను గ్లెనిస్!"

"ఉంటే ఉండు. డెబ్బై ఏళ్లొచ్చాయి నాకు, నేను చూడనిదేముంది నీ దగ్గర? ఆ తువ్వాలు మాత్రం ఉతకాలమ్మా."

ఇది రెండున్నరేళ్లుగా సాగుతున్న భాగోతం. ముందువైపు పెద్ద ఇల్లు గ్లెనిస్‌ది. పెరట్లో బట్టలారేసే తీగలు దాటితే లెనోర్ అద్దెకుంటున్న రెండు గదుల ఇల్లు. దాని తాళంచెవి గ్లెనిస్ మెడలో, కళ్లజోడు తాడుకే వేలాడుతూ ఉంటుంది. తలుపు తట్టడమనే అలవాటు ఆవిడ వంశంలోనే లేదు. స్కూలు బస్సు నడిపి ఇంటికొచ్చేసరికి లెనోర్ మేజోళ్లు జతలుగా మడత పెట్టి ఉండేవి, గోడ మీద పటాలు చోటు మారి ఉండేవి. ఒకసారైతే ఫ్రిజ్‌లో సగం తిన్న, మాంసం కూరిన రొట్టె మీద "ఉప్పెక్కువ" అని చీటీ అంటించి ఉంది.

అవన్నీ ఓర్చుకుంది లెనోర్. ఓర్చుకోలేనిది ఒక్కటే, స్పాంజి కేకు.

ఆ ఊళ్లో ఏటా మార్చిలో వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంది. ఎద్దులకీ, గుమ్మడికాయలకీ, స్పాంజి కేకులకీ పోటీలుంటాయి. ఎద్దుల సంగతి ఎద్దుల వాళ్లు చూసుకుంటారు గానీ, ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టేది మాత్రం స్పాంజి దగ్గరే. పదకొండేళ్లుగా మొదటి బహుమతి నీలం రిబ్బను గ్లెనిస్‌దే. మొదటి ఏడు లెనోర్ నారింజ తొక్క తురిమి వేసింది. ఆ ఏడే గ్లెనిస్ కేకులో నారింజ వాసన. రెండో ఏడు బాతు గుడ్లు వాడింది. గ్లెనిస్ కూడా బాతు గుడ్లే! రెండుసార్లూ లెనోర్‌కి రెండో బహుమతి దక్కింది.

"నేను లేనప్పుడు ఇల్లంతా గాలిస్తోంది," అని మాంసం కొట్టాయనతో చెప్పుకుంది.

"ఎవరు, గ్లెనిసా? ఛ ఛ! మా అమ్మ పోయినప్పుడు మూడు వారాలు వండి పంపిందమ్మా ఆ తల్లి. పాపం తగులుద్ది."

పోస్టాఫీసులోనూ అదే మాట. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నా ఒంటరిగా లేనట్టుండడం ఎంత నరకమో లెనోర్ ఎవరికీ చెప్పలేకపోయింది. అద్దె కడుతోంది, తలుపుకి తాళం వేస్తోంది, అయినా అది తన ఇల్లు కాదు. అదీ ఆమె ఏడుపు.

తువ్వాలు సంగతి జరిగిన రోజే అద్దెదారులకి సలహాలిచ్చే నంబరుకి ఫోన్ చేసింది.

"ఓనరైనా సరే ముందుగా కాగితం ఇవ్వాలండీ," అంది అవతలి అమ్మాయి. "ఏ రోజు, ఏ వేళకి, ఏ పని మీద వస్తున్నారో రాయాలి. రాసిన పని తప్ప ఇంకోటి ముట్టుకోకూడదు. సొరుగులు అసలే తెరవకూడదు."

"తెరుస్తోందని నాకు తెలుసు కదా!"

"మీకు తెలిస్తే చాలదండీ. రుజువు కావాలి."

లెనోర్ ఈ నియమాలన్నీ ఉత్తరంగా రాసి ఇచ్చింది. గ్లెనిస్ ఒక రోజంతా మూతి ముడుచుకుంది. మర్నాటి నుంచి తలుపు కింద కాగితాలు రావడం మొదలైంది. ముత్యాల్లాంటి అక్షరాలు. "కారణం: కిటికీ గడియ." "కారణం: కుళాయి లీకు." చట్టం తన మేలు కోసమే పుట్టిందన్నంత ఉత్సాహం ఆవిడకి. ప్రదర్శన శనివారం. ఆ వారం వచ్చిన కాగితంలో "గురువారం ఉదయం పది. కారణం: పొగ అలారం" అని ఉంది. గురువారం పదింటికి లెనోర్ షెడ్డులో బస్సు కడుగుతూ ఉంటుందని ఊరందరికీ తెలుసు.

లెనోర్ ఆ కాగితాన్ని ముక్కలు చేయబోయి ఆగింది. దొంగ ఎప్పుడొస్తుందో దొంగే సంతకం పెట్టి చెబుతుంటే ఏడవడం దేనికి?

బుధవారం సాయంత్రం పాత కాగితం మీద టీ చల్లి, ఆరబెట్టి, దాని మీద వంకర అక్షరాలతో రాసింది. "మా అమ్మమ్మ స్పాంజి రహస్యం. ఎవరికీ చెప్పవద్దు." గుడ్లు, పంచదార, పిండి, అన్నీ మామూలే. చివర్లో, "ఒకటిన్నర చెంచా ఆవపిండి."

దాన్ని పడకగదిలో మూడో సొరుగులో, లోదుస్తులన్నిటికీ అడుగున, ఒక ఊలు మేజోడులోకి కుక్కింది. సిగ్గున్న మనిషెవరూ అక్కడ చెయ్యి పెట్టరు. బుద్ధున్న మనిషెవరూ కేకులో ఆవపిండి వెయ్యరు. ఈ రెండూ చాలనుకుంది.

శనివారం ప్రదర్శన జరిగే రేకుల షెడ్డు కిటకిటలాడింది. న్యాయనిర్ణేత ఏవరిల్ డన్‌స్టన్ మనిషి పుల్లలా ఉంటుంది, జీవితంలో నవ్వినట్టు ఆధారాల్లేవు. ఒక్కో కేకునీ వేలితో నొక్కింది, పైన చల్లార్చిన ఇనుప జాలీ గుర్తులున్నాయేమోనని వంగి చూసింది, ఒక్క ముక్క కొరికింది, ముందుకి నడిచింది. గ్లెనిస్ కేకు దగ్గర కొరికి ఆగిపోయింది.

'ఇక దగ్గుతుంది,' అనుకుంది లెనోర్, పళ్లు బిగించి.

ఏవరిల్ డన్‌స్టన్ దగ్గలేదు. రెండో ముక్క తీసుకుంది. ఆ షెడ్డులో రెండో ముక్క తిన్న న్యాయనిర్ణేత ఇంతవరకూ లేదు.

"మొదటి బహుమతి, గ్లెనిస్ టక్‌వెల్!"

లెనోర్ తన చేత్తో పుట్టించిన విషం కాస్తా అమృతమైపోయింది! ఆవిడ గారు నీలం రిబ్బను గుచ్చుకుంటున్నారు!

"గొంతులో మెల్లగా వెచ్చదనం పాకుతోంది," అంటూ మైకు గ్లెనిస్‌కి అందించింది ఏవరిల్. "ఏమిటమ్మా ఆ కిటుకు?"

గ్లెనిస్ ఛాతీ ఉబ్బింది. "మా అమ్మమ్మ నాటి రహస్యమండీ. ఎవరికీ చెప్పకూడదు గానీ, మీరు కాబట్టి చెబుతున్నా. ఒకటిన్నర చెంచా ఆవపిండి!"

చప్పట్లు మోగాయి. లెనోర్ బల్ల ఎక్కింది. నలభై మంది పిల్లల గోల మధ్య బస్సు నడిపే గొంతు ఆమెది. మైకు అవసరం లేదు.

"ఒకటిన్నరేనా గ్లెనిస్? రెండు కాదూ?"

"ఒకటిన్నరే!"

"ఆ కాగితం బుధవారం నేను రాశాను. మా అమ్మమ్మ పుట్టాక ఒక్క కేకు చేసి ఎరగదు. దాన్ని నా లోదుస్తుల సొరుగులో, అట్టడుగున, ఊదా రంగు మేజోడులో పెట్టాను. మీరొచ్చింది పొగ అలారం చూడ్డానికి కదా. నా మేజోట్లోంచి ఏమైనా పొగ వచ్చిందా?"

తలలన్నీ గ్లెనిస్ వైపు తిరిగాయి. గ్లెనిస్ మైకు ఇంకా నోటి దగ్గరే పట్టుకుని ఉంది, అందుకే ఆవిడ గొణిగింది నాలుగు స్పీకర్లలోంచీ వినిపించింది.

"ఊదా కాదు, ముదురు నీలం."

మాంసం కొట్టాయన ముందు నవ్వాడు. తర్వాత షెడ్డు రేకులు అదిరాయి. ఏవరిల్ డన్‌స్టన్ కూడా నవ్వింది, దానికి ఊరంతా సాక్షి. గ్లెనిస్ చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి. లెనోర్ బల్ల మీదే నిలబడి నవ్వుతూ ఏడ్చింది, రెండున్నరేళ్ల తర్వాత ఆమె మాట నమ్మారు.

సోమవారం సాయంత్రం ఇంట్లో టక్ టక్ మని చప్పుడైంది. పైకప్పు మీద పిల్లంత పాసమ్ జంతువేదో దూకిందేమోనని కప్పుకేసి చూసింది లెనోర్. మళ్లీ అయ్యాక గానీ అది తలుపని తెలియలేదు.

వరండాలో గ్లెనిస్ నిలబడి ఉంది. నేల చూపులు.

"లోపలికి రావచ్చా?"

"ఏ పని మీద?"

"ఊరికే... వచ్చే ఏడాది ఆవపిండి ఎంత వేస్తే బాగుంటుందో కనుక్కుందామని."

"ఆ కారణం చట్టంలో లేదు," అంది లెనోర్.

లోపలికెళ్లి రెండు కప్పుల టీ, బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చి వరండా మెట్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగి తలుపు వేసింది.

"కూర్చోండి. డబ్బా మూత నేను తీస్తాను, మీరు తీయకండి."

గ్లెనిస్ బుద్ధిగా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ మెడలో కళ్లజోడొక్కటే వేలాడుతోంది.