మూడు పేపర్లలో వచ్చిన వార్త

మూడు పేపర్లలో వచ్చింది కదా అని చెప్పాలి, తండా రైతు కిష్ట్యా అడిగితే ముందు ఆ మాటే చెప్పాలి, నేనొక్కడినే రాశానా, కోదాడలో అబ్రహాం రాశాడు, మిర్యాలగూడలో స్రవంతి రాసింది, మూడు పేపర్ల విలేకరులకూ ఒకే తప్పు ఎట్లా దొరుకుతుంది అనాలి, కానీ ఈ హుజూర్‌నగర్ బస్సు సూర్యాపేట దాటకముందే ఆ మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు, పక్క సీటాయన చేతిలో ఈ రోజు పేపరు, సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి పంటకు నీళ్లు, ఎల్లుండే విడుదల, ప్రభుత్వ ప్రకటన, వారం కిందట అదే పేపర్లో నేను రాసింది యాసంగికి నీళ్లు లేనట్టే, విశ్వసనీయ వర్గాల సమాచారం, ఆ వర్గాలన్నీ కలిపి ఒక్క మనిషి, నీళ్ల ఆఫీసు గుమస్తా జితేందర్, చాయ్ తాగుతూ మీటింగ్‌ల అనుకున్నరు వేణన్నా, జర నా పేరు రానీయకు అన్నాడు, ఆ మీటింగ్‌లో నువ్వున్నావా అని నేను అడగనే లేదు.

అడగకుండా రోజూ చేసేదే చేశాను, మా ముగ్గురికీ ఒక వాట్సాప్ గ్రూపు, ఎవరికి ఏ వార్త దొరికినా అందులో పెట్టాలి, లేకపోతే వాళ్లకొచ్చింది నీకెందుకు రాలేదని తెల్లారి పేపరాఫీసు డెస్క్ వాళ్ల చీవాట్లు, పెట్టేశాను, ఖాయమేనా అండీ అన్నాడు అబ్రహాం, పక్కా అన్నాను, స్రవంతి సరే అంది, మా డెస్క్ వాళ్లు అడిగితే మిగతా రెండు పేపర్లలో కూడా వస్తోంది సార్ అన్నాను, తెల్లారి ఆ రెండు పేపర్లు చూసి నేనే ధైర్యం తెచ్చుకున్నాను, వాళ్లకూ ఎవరో చెప్పే ఉంటారు అనుకున్నాను, నేను చెప్పిందే నాకు తిరిగి వచ్చిందని తెలిసీ సంబరపడ్డాను, సిగ్గు లేదు నాకు.

పొద్దున ఫోన్ చేసినప్పుడు కిష్ట్యా అరవలేదు, అరిస్తే బాగుండేది, నారుమడి బర్లకు మేపేసిన తమ్మీ, నీళ్లే రానప్పుడు నారెందుకని, ఇప్పుడు వస్తయంటున్నరు గదా, ఒకపారి వచ్చిపో అన్నాడు, మూడెకరాల నారు, మళ్లీ పోసి పెంచేసరికి నెల గడుస్తుంది, అదను ఆగుతుందా, జేబులో ఫోన్ మోగుతోంది, జితేందరే, నా పేరు చెప్పకన్నా, నౌకరీ పోతది, నేను కూడా ఎవలో అంటే ఇన్న, నీ నౌకరీ సరే, ఆ మడిలో ఏం మిగిలింది, బస్సు ఎందుకింత తొందరగా పోతోంది.

తండా దగ్గర దిగితే కిష్ట్యా, అతని భార్య రంగి ఇద్దరూ గట్టు మీదే ఉన్నారు, మడిలో గిట్టల గుంటలు, అక్కడక్కడా కొరికిన మొదళ్లు, చూడలేకపోయాను, రంగి నా వైపు తిరగకుండానే ఆఫీసోళ్లు చెప్పేదాక ఆగుమంటి, ఇనలే అంది, నేను మూడు పేపర్లలో అని మొదలుపెట్టాను, కిష్ట్యా తలపాగా విప్పి ముఖం తుడుచుకుని గా రెండు పేపర్లు నేను సూడలే, మన తండాకు వచ్చేది నీదొక్కటే, వేణు రాసిండంటే కనుక్కొనే రాసిండని బర్లను ఇడిసిన అన్నాడు, నీకెవలు చెప్పిండ్రు అని రంగి అడిగింది, జితేందర్ పేరు నాలుక చివరి దాకా వచ్చింది, ఎవలైతే మనకేందే, మనకు చెప్పింది వేణు అన్నాడు కిష్ట్యా, కోపం లేదు ఆ మాటలో, అదే తట్టుకోలేకపోయాను, ఒక్కడే చెప్పిండన్నా, నేను కనుక్కోలేదు అన్నాను, పేరు లేని మనిషి చెప్పిన మాటగా నేను ఆ వార్త రాశాను, కిష్ట్యా మాత్రం పేరు తెలిసిన మనిషి చెప్పిన మాటగానే విన్నాడు, ఆ పేరు నాది.